గరాజ్‌లో వంట

శుక్రవారం పొద్దున అత్తయ్యగారు స్నానానికి వెళ్ళగానే నేను గరాజ్‌లోకి దూరాను. అక్కడ కారుకీ ట్రెడ్‌మిల్‌కీ మధ్య ఒక మడత బల్ల, దాని మీద నల్లటి స్లో కుకర్. అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, ఉప్పూ మిరియాల పొడీ పాప్రికా బ్రౌన్ షుగరూ పట్టించిన పోర్క్ షోల్డర్ ముక్కను కొవ్వున్న వైపు పైకి వచ్చేలా దింపి, మూత పెట్టి సన్న సెగకి తిప్పాను. ఇక సాయంత్రం దాకా మూత తియ్యకూడదు. తీస్తే ఆవిరంతా పోయి వంట వెనకబడుతుంది. గ్లవ్స్ విప్పి సంచిలో కట్టి బయటి చెత్తడబ్బాలో పడేశాను. ఇంట్లోకి వచ్చే తలుపు కింద పాత టవల్ దోపాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని లాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో కూర్చున్నాను. దొంగతనానికి వెళ్ళేవాళ్ళు కూడా ఇంత శ్రద్ధ తీసుకోరేమో.

ఇందులో తమాషా ఏమిటంటే ఆ మాంసం నేను తినను. మాది నెల్లూరు. పెళ్ళికి ముందు చేపల పులుసు లేని ఆదివారం నేనెరగను. తేజేశ్వర్‌ని ప్రేమించి పెళ్ళి చేసుకున్నప్పుడు కాకినాడలో వాళ్ళమ్మ కామేశ్వరిగారు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు. "నాకు కులం పట్టింపు పెద్దగా లేదమ్మా. నీ చేతి వంట నేను తినగలిగేలా ఉండు, అది చాలు." ఆ చిన్న మాటలో ఎంత పట్టింపు ఉందో అర్థం కావడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ రోజు మాత్రం ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి సరేనన్నాను. అన్న మాట మీద నిలబడ్డాను కూడా. చేప మానేశాను, కోడి మానేశాను, చివరికి గుడ్డు కూడా మానేశాను. నేను మానేసిన కొన్నాళ్ళకి తేజ మొదలుపెట్టాడు.

అమెరికా వచ్చి రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళ మేనేజర్ గ్రెగ్ ఇంట్లో పుల్డ్ పోర్క్, అంటే మెత్తగా ఉడికించి పీచులుగా లాగిన పంది మాంసం, తిని వచ్చాడు. గ్రెగ్‌ది నార్త్ కరోలినా. వాళ్ళ ఊళ్ళో పుల్లటి వినిగర్ సాసే తప్ప టొమాటో సాస్ కలిపిన పోర్క్‌ని తిండి కింద జమకట్టరట. "ఒక్కసారి ట్రై చెయ్యవా, నీ చేతికి ఏదైనా వచ్చేస్తుంది" అని తేజ బతిమాలాడు. పొగడ్తకి పడిపోయాను. మాంసం రుచి చూడను కాబట్టి నా తెలివంతా సాస్ మీద పెట్టాను. యాపిల్ సైడర్ వినిగర్, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరపకాయలు, మిరియాలు, కాస్త బ్రౌన్ షుగర్. పులుపు గొంతు పట్టుకోకూడదు, తీపి ముందుకు రాకూడదు, కారం వెనకాల నిలబడాలి. చేపల పులుసు కాచిన చేతికి అదేమంత పని. మా అమ్మ పులుసులో వేసినట్టు వేయించిన మెంతిపొడి చిటికెడు వేశాక సరిగ్గా కుదిరింది. అప్పట్నుంచి ఏటా జూలైలో టీమ్ పిక్నిక్‌కి అదే వెళ్తుంది. మధ్యమధ్యలో తేజ నాలుక కోసం కూడా వండుతాను. డబ్బాల్లో సర్ది గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రిజ్‌లో పెడితే, ఆఫీసు నుంచి రాగానే అక్కడే నిలబడి బన్నులో పెట్టుకు తిని, నోరు పుక్కిలించి లోపలికొస్తాడు. ఈసారి అత్తయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు "అమ్మకి తెలిస్తే గుండె ఆగిపోతుంది" అన్నాడు. ఆవిడ గుండె కోసం నేను టవల్ దోపుతున్నాను.

ఇంతవరకూ నాకేం ఇబ్బంది లేదు. కానీ కొద్ది వారాలుగా అత్తయ్యగారు నా వంట తినడం మానేశారు. వచ్చిన కొత్తలో నా దోసకాయ పప్పు మారు వడ్డించుకున్న మనిషి, ఇప్పుడు చిన్న గిన్నెలో తన అన్నం తను వండుకుంటున్నారు. అడిగితే కడుపు బరువుగా ఉందంటారు. తన గ్లాసు తనే కడుక్కుని, ఎవరికీ అందని చోట బోర్లిస్తారు. మొన్న ఉన్నట్టుండి నా తల నిమిరి "మనిషన్నాక ఏదో ఒక బలహీనత ఉంటుందమ్మా, నేనేం అనుకోను, మెల్లగా మానుకుందువులే" అన్నారు. ఏం మానుకోవాలి? నాకున్న బలహీనతల్లో ఆవిడకి తెలిసింది మధ్యాహ్నం కాఫీ ఒక్కటే. దానికి గ్లాసు బోర్లించక్కర్లేదు. "ఏమిటత్తయ్యా అది" అని సూటిగా అడిగాను. "వద్దులేమ్మా, ఆ ఊసెత్తనని వాడికి మాటిచ్చాను" అని పూజగదిలోకి వెళ్ళిపోయారు.

నేను అనుమానం మనిషిని. తేజ దాన్ని జబ్బంటాడు, నాకది వృత్తి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నా పనే, బాగా పనిచేస్తున్నట్టు కనిపించేదాన్ని నమ్మకపోవడం. ఆ రాత్రి అత్తయ్యగారు పడుకున్నాక తేజని అడిగాను.

"మీ అమ్మకి నా గురించి ఏం చెప్పావు?"

"నేనేం చెప్తాను? నీకన్నీ అనుమానాలే నమ్రతా. ఆవిడకి గ్యాస్ ప్రాబ్లమ్."

"ఏదో మాట తీసుకున్నావట."

"పెద్దావిడ, ఏదో అంటుంది. లైట్ తీస్కో."

ఫోన్లోంచి తల ఎత్తకుండా అన్నాడు. నేను లైట్ తీసుకోలేకపోయాను. ఆవిడ నా అన్నం గిన్నె పక్కకి నెట్టి తన గిన్నె ముందుకు లాక్కున్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఆవిడ నమ్మకం కోసం నేను పుట్టి పెరిగిన రుచులన్నీ వదులుకున్నాను. ఆ నమ్మకం పోతే నాకు మిగిలేదేమిటి? కనీసం ఎందుకు పోయిందో తెలియాలి.

పిక్నిక్ సంగతి కూడా నాకు తేడాగానే ఉంది. ఏటా తేజ ఒక్కడే వెళ్తాడు. "అక్కడంతా వర్క్ గురించే మాట్లాడతారు, నీకు బోర్" అంటాడు. తర్వాత వచ్చే ఫోటోల్లో అందరి భార్యలూ పిల్లలూ ఉంటారు, నేను తప్ప. ఈసారి ఒక వీడియో కాల్‌లో తేజ వెనకాల ఉన్న అత్తయ్యగారు గ్రెగ్‌కి కనపడ్డారు. ఆయన చేతులు జోడించి, అమ్మనీ భార్యనీ తీసుకురాకపోతే నిన్ను గేటు దగ్గరే ఆపేస్తానని తేజతో అన్నాడు. తేజ నవ్వాడు గానీ మొహంలో రంగు పోయింది. కాల్ అయ్యాక "అక్కడంతా నాన్‌వెజ్ వాసనమ్మా" అని వాళ్ళమ్మకి నచ్చజెప్పబోయాడు. "వాసనకేంరా, నలుగురినీ చూద్దామనే కదా వచ్చాను" అన్నారావిడ. అంత ఎందుకు కంగారుపడుతున్నాడో నాకు అంతు చిక్కలేదు.

శుక్రవారం సాయంత్రం చెవిలో మీటింగు నడుస్తూండగా గరాజ్‌లో కుకర్ మూత తీశాను. ముక్క ఫోర్కు తగలగానే విడిపోయింది. రెండు ఫోర్కులతో పీచు పీచుగా లాగుతూ, ఎముక తీసేస్తూ, కొవ్వు ఏరేస్తూ, వేడి ఉండగానే సాస్ పోసి కలిపాను. మధ్యలో మా లీడ్ ఏదో అడిగితే మోచేత్తో మ్యూట్ తీసి జవాబు చెప్పాను. ఆఫీసులో నన్ను ప్రమోషన్‌కి పక్కన పెట్టినప్పుడు, మీటింగుల్లో కాస్త పరధ్యానంగా ఉంటానన్నారు. ఇంట్లో తేజ మాట ఇంకోరకం. "స్లో కుకర్ కదా, దానంతట అదే అవుతుంది. నువ్వెలాగూ ఇంట్లోనేగా ఉంటావు, బటన్ నొక్కడమే."

శనివారం మధ్యాహ్నం పార్కులో రేకుల పందిరి కింద తేజ కుకర్ ప్లగ్ పెట్టాడు. నన్ను పక్కకి పిలిచి "అమ్మని తీసుకుని ఆ చివర బెంచీ మీద కూర్చో. ఇటు రానివ్వకు" అన్నాడు. మేమిద్దరం పుచ్చకాయ ముక్కలూ చిప్సూ ముందు పెట్టుకుని కూర్చున్నాం. కాసేపటికి నాప్‌కిన్స్ కోసం నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. తేజ ఒంటిమీద ఎర్రటి ఏప్రన్ ఉంది. దాని మీద తెల్లటి అక్షరాలతో 'పోర్క్ కింగ్ తేజ్' అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. కిందటేడు టీమ్ అంతా కలిసి ఇచ్చారని పక్కనున్న అమ్మాయి చెప్పింది. మా ఇంట్లో ప్రతి గుడ్డా నేనే ఉతుకుతాను, ఆ ఏప్రన్ మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆఫీసులో దాచుకున్నాడన్నమాట. తేజ నన్ను గమనించలేదు. బన్నుల్లో మాంసం పెట్టి అందిస్తూ "రాత్రంతా నిద్ర లేదు, గంటకోసారి మూత తీసి చూస్తూనే ఉన్నాను" అని చెబుతున్నాడు. రాత్రంతా తేజ గురక విన్నదాన్ని నేను. గ్రెగ్ నములుతూ, చివర్లో సన్నగా చేదు తగులుతోంది, అదేమిటని అడిగాడు. తేజ ఒక్క క్షణం తడబడి "ఫ్యామిలీ సీక్రెట్" అన్నాడు.

ఆశ్చర్యంగా నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఇన్నేళ్ళూ నన్ను ఇంట్లో ఉంచింది నాకు బోర్ కొడుతుందని కాదు. నేను వస్తే ఆ ఏప్రన్ వేసుకోవడం కుదరదని. నాప్‌కిన్స్ తీసుకుని బెంచీ దగ్గరికి వచ్చేశాను. నా వెనకే గ్రెగ్ అత్తయ్యగారిని పలకరించడానికి వచ్చాడు. అది చూసి తేజ చేతిలో సగం తిన్న బన్నుతో పరుగులాంటి నడకతో వచ్చి నిలబడ్డాడు.

గ్రెగ్ వంగి నమస్కారం పెట్టి తన యాసలో అన్నాడు. "మేడమ్, మా ఊళ్ళో కూడా పోర్క్ ఇంత బాగా కుదరదు. ఏటా మీ అబ్బాయి చేతి వంట కోసం ఎదురుచూస్తాం. మీరే నేర్పారా?"

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటున్నాడమ్మా?" అని నా వైపు వంగి, జవాబు కోసం ఆగకుండానే గొంతు తగ్గించారు. "ఆ నల్ల కుకర్ మన గరాజ్‌లోది కదూ? నాకు తెలుసులే. ఫ్రిజ్‌లో డబ్బా చూసి అడిగితే వాడు చెప్పాడు. నీకు ఇక్కడ పంది మాంసం అలవాటైందట, మానలేకపోతున్నావట, నిన్నడిగితే బాధపడతావట. సరే, నీ వరకు నువ్వు తింటే తిన్నావు. ఇలా ఊరందరికీ పెడుతున్నావేమిటమ్మా?"

వండితే పేరొచ్చే చోట వంట తనది. తింటే పేరు పోయే చోట తిండి నాది. రెండు అబద్ధాలూ ఒకే కుకర్‌లోంచి తీశాడు. నేను టవల్ దోపింది ఆ అబద్ధాలు బయటికి పొక్కకుండానన్నమాట. అప్పుడొచ్చింది కోపం.

"అమ్మగారు ఏమంటున్నారు?" అని గ్రెగ్ నన్నడిగాడు.

"పార్కు చాలా బాగుందంటోంది" అని తేజ ఇంగ్లీషులో నవ్వి, నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అన్నాడు. "నమ్రతా, ఇక్కడొద్దు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. ఆయన నా మేనేజర్, ప్లీజ్."

ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. నీకన్నీ అనుమానాలే అంటాడు. అత్తయ్యగారు తన గిన్నె పొయ్యి మీద పెట్టుకుంటారు. గ్రెగ్, అత్తయ్యగారు ఇద్దరూ నా మొహం వంకే చూస్తున్నారు, ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే నేనే దారి. ఇలాంటప్పుడు పదును తీసేసి, అందరికీ నచ్చేలా సర్ది చెప్పడం నాకు అలవాటు. ఆ సర్దుబాటు నా చేత ఎవరూ చేయించలేదనుకునేదాన్ని. ఈసారి ఏదీ సర్దకూడదనుకున్నాను.

ముందు ఆవిడకి తెలుగులో చెప్పాను. "ఈ పంది మాంసం ఏటా మీ అబ్బాయే వండి తెస్తాడట అత్తయ్యా. చాలా బాగుంటుందట. మీరే నేర్పారా అని అడుగుతున్నారు." తర్వాత గ్రెగ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. "ఆవిడ కొడుకు పోర్క్ ముట్టడట. నాకే ఈ అలవాటు ఉందని, మానలేకపోతున్నానని వాళ్ళమ్మకి చెప్పాడట. అందుకని నేను వండిన అన్నం ఆవిడ తినడం లేదు." ఆ తర్వాత నా సొంత మాట ఒకటి రెండు భాషల్లోనూ చెప్పాను. వండింది ప్రతిసారీ నేనేనని, ఒక్కసారి కూడా తినలేదని.

గ్రెగ్ ఏప్రన్ వంక చూసి, తర్వాత నేల వంక చూశాడు. అత్తయ్యగారు చాలాసేపు నన్నే చూశారు. ఆ తర్వాత తల తిప్పి కొడుకుని పైనుంచి కిందకి చూసి, ఆ బన్ను దగ్గర ఆగారు.

"నీ చేతిలోదేమిట్రా?"

తేజ ఆవిడ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. వాళ్ళమ్మ తిన్నావా అన్నా, ఫోన్ ఎందుకు చెయ్యలేదన్నా, జలుబు తగ్గిందా అన్నా ఇన్నేళ్ళూ తేజ తరఫున జవాబు చెప్పింది నేనే. ఇప్పుడు ఆవిడ అడిగింది నన్ను కాదు. నేను ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరం కలిసి జవాబు కోసం ఎదురుచూశాం.