మా ఆయన చెప్పే కుక్కర్ కథ

మా ఆయన ఫణికుమార్‌కి నలుగురు కనిపిస్తే చాలు, యూరప్ గుర్తొస్తుంది. ఆ నలుగురూ భోంచేసి సోఫాల్లో కూలబడ్డారంటే ఇక చెప్పక్కర్లేదు, పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీస్తాడు. ఆ పర్సులో మా పెళ్ళిఫొటో లేదు గానీ, యూరప్ ఫొటోలున్న ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఆ శనివారం మధ్యాహ్నం, అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళోనే, మీనాక్షి వాళ్ళింట్లో తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్ విందు. నేను గుత్తివంకాయ చేసుకుని వెళ్ళాను. మీనాక్షి, వాళ్ళాయన లక్ష్మీపతి, ఇంకో రెండు మూడు కుటుంబాలు. ఒంగోలు నుంచి ఆర్నెల్లకని వచ్చిన మీనాక్షి వాళ్ళమ్మగారు కూడా ఉన్నారు. ఆవిడని నేను పిన్నిగారూ అంటాను.

నేను ఆ రోజు మహా హుషారుగా ఉన్నాను. సోమవారం ఉద్యోగంలో చేరబోతున్నాను మరి! ఆ హుషారు విలువ తెలియాలంటే నా గోడు కొంచెం వినాలి.

మందుల ప్రయోగాలు జరుగుతాయి చూడండి, ఆ డేటా సరిచూసే పని నాది. ఒకప్పుడు ఈ ఊళ్ళోనే మంచి కంపెనీలో, నా సొంత హెచ్-వన్ వీసా మీద చేసేదాన్ని. 2008లో మా ఆయన్ని వాళ్ళ ఆఫీసు బ్రస్సెల్స్ పంపింది. "ఏడాదే రాణీ, టెంపరరీ. యూరప్ అంతా చూసేయొచ్చు. నీ జాబ్ ఎక్కడికి పోతుంది?" అన్నాడు. నమ్మి మానేశాను. ఉద్యోగం పోవలసిన చోటికే పోయింది. తిరిగి వచ్చేసరికి అమెరికాలో ఉద్యోగాలు ఊడుతున్న కాలం. నా కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. నాకోసం మళ్ళీ వీసా ఫైల్ చేసే నాథుడు దొరకలేదు. ఆయన వీసాకి తోకలా హెచ్-ఫోర్ మీద ఇంట్లో పడ్డాను. హెచ్-ఫోర్ అంటే ఈ దేశంలో వంట చేయొచ్చు, గిన్నెలు తోమొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. కనపడిన ప్రతి కంపెనీకీ అప్లై చేసి, వీసా మాట ఎత్తగానే ఫోన్ పెట్టేసిన వాళ్ళందరినీ భరించి, చివరికి ఈ 2013 వేసవిలో ఒక చిన్న కంపెనీని పట్టాను. వాళ్ళు నాకు సొంతంగా వీసా ఫైల్ చేశారు. అప్రూవ్ అయింది. సోమవారం చేరాలి. చేరాక మధ్యలో వదిలేసి దేశం దాటానంటే ఆ వీసా, ఆ ఉద్యోగం రెండూ హుళక్కే. ఈ సంగతి నాకెంత బాగా తెలుసో మా ఆయనకీ అంత బాగా తెలుసు.

వంటింట్లో వంకాయకూర మైక్రోవేవ్‌లో పెడుతున్నాను. హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. 'ఎవరిదబ్బా పుట్టినరోజు' అనుకుంటూ చెయ్యి తుడుచుకుని తొంగిచూశాను.

మా ఆయన టీవీ పక్కన పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. "థాంక్యూ, థాంక్యూ. జ్యూరిక్, రెండేళ్ళు. జాన్యువరీలో మూవ్ అవుతున్నాం. ఆఫీసు పేపర్లు సైన్ చేసేశాను," అంటున్నాడు.

నా చేతిలో తువ్వాలు ఉండబట్టి సరిపోయింది గానీ, గరిటె ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. సైన్ చేసేశాడట! నాతో ఒక్క ముక్క అనలేదు. 'మూవ్ అవుతున్నాం' అట! ఆ 'అం'లో నన్ను కూడా పార్సిల్ కట్టేశాడు.

మీనాక్షి నా మొహం చూసింది. "అదేంటి ఫణిగారూ, మండే రాణి జాయినింగ్ కదా?" అంది.

"జాబ్‌దేముందండీ, వచ్చాక చూసుకుంటుంది. రెండేళ్ళే, టెంపరరీ. ఈసారి స్విస్ అంతా చూపించేస్తాను," అన్నాడు. అని నావైపు చూసి నవ్వాడు. నలుగురిలో చెబితే నేను నోరెత్తనని ఆయన ధీమా. ఇన్నేళ్ళ కాపురంలో నా గురించి ఆయన శ్రద్ధగా నేర్చుకున్నది అదొక్కటే.

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరెత్తలేదు. కూర తెచ్చి బల్లమీద పెట్టి, పిన్నిగారి పక్కన కూర్చున్నాను. భోజనాలయ్యాయి. పెన్‌డ్రైవ్ టీవీకి ఎక్కింది.

మా ఆయన ఊళ్ళు చూడడు, ఊళ్ళ ముందు నిలబడతాడు. బ్రస్సెల్స్‌లో ఉన్నన్నాళ్ళూ శుక్రవారం సాయంత్రం రైలో విమానమో ఎక్కడం, ఒక ఊళ్ళో దిగడం, దాని ముందు నిలబడి ఫొటో తీయించుకోవడం, తిరిగి రావడం. ఆ ఫొటోలన్నీ తీసింది నేనే. ప్రాగ్‌లో గంట కొట్టేటప్పుడు బొమ్మలు కదిలే పాత గడియారం ఉంది. కొట్టేదాకా ఆగుదామండీ అన్నాను. "ఫొటో వచ్చేసిందిగా, పద" అన్నాడు. వియన్నాలో రాజుగారి ప్యాలెస్ గేటు బయట బెంచీమీద పులిహోర తిని, లోపల అడుగు పెట్టకుండా వచ్చేశాం. వెనిస్‌లో పడవెక్కుదామంటే "నీళ్ళే కదా రాణీ, ఇంటికెళ్ళాక జోర్డాన్ లేక్‌లో ఎక్కుదాంలే" అన్నాడు. జోర్డాన్ లేక్ మా ఇంటికి కూతవేటు దూరం. ఇంతవరకూ అందులోనూ ఎక్కించలేదు. ఇక రోమ్ అంటే నాకు గుర్తున్నది, సూట్‌కేస్‌లో గోంగూర సీసా మూత ఊడి నా తెల్ల చుడీదార్ నాశనం కావడం. అక్కడ ఇంకేమున్నాయో మీరే పుస్తకాల్లో చదువుకోండి.

ఇవన్నీ టీవీలో ఒక్కొక్కటే వెళ్తున్నాయి. "వావ్" అంటున్నారు అందరూ. అప్పుడు ప్యారిస్ వచ్చింది. రాత్రి, సన్నటి వాన, హోటల్ ముందు తడిసిన వీధి, పసుపురంగు దీపాలు. ఫొటో బాగానే ఉంటుంది, కాదనను.

"ఆగండాగండి, ఈ హోటల్ కథ చెప్పాలి," అన్నాడు మా ఆయన. పళ్ళు పటపటలాడించాను. ఎన్ని పార్టీల్లో విన్నానో ఈ కథ! "అమెరికా నుంచి అప్పుడే దిగాం. బ్రస్సెల్స్ వెళ్ళేముందు ప్యారిస్‌లో హాల్ట్. మా రాణీగారు రైస్ కుక్కర్ లేకుండా కదలరు కదా! ఇక్కడి కుక్కర్ తీసి అక్కడి ప్లగ్గులో పెట్టేసింది. నూటపది వోల్టులెక్కడ, రెండొందల ముప్ఫై ఎక్కడ! ఢాం! పొగ, అలారం! హోటల్ మొత్తం పైజమాల్లో రోడ్డుమీద! ప్యారిస్‌ని కాల్చబోయిన ఘనత మా ఆవిడది!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. లక్ష్మీపతి కళ్ళు తుడుచుకుంటూ, "చెల్లెమ్మా, జ్యూరిక్‌కి మాత్రం కుక్కర్ పట్టుకెళ్ళకు తల్లీ!" అన్నాడు.

పిన్నిగారొక్కరే నవ్వలేదు. టీవీ వైపు చూస్తూ, "అప్పుడు నువ్వెక్కడున్నావు నాయనా?" అని అడిగారు.

"నేనా అండీ? నేనూ... అక్కడే, రోడ్డుమీదే."

"మరి హోటల్ వాళ్ళు ఈ పిల్లని తిట్టి ఉంటారే. నువ్వేమన్నావు?"

మా ఆయన రిమోట్ కోసం వెతుక్కున్నాడు. అది నా ఒళ్ళో ఉంది.

"నేను చెప్తాను పిన్నిగారూ," అన్నాను.

"రాణీ, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు.

"మీరు చెప్పిన కథేగా, మిగిలింది నేను చెప్తాను," అన్నాను. ఒక్కసారి నోరు తెరిచాక నాకే ఆశ్చర్యం వేసింది. ఇక ఆగలేదు.

"పూటకి ఇంత అన్నం పడకపోతే లోకం చీకటైపోయేది నాకు కాదు పిన్నిగారూ, ఈయనకి. సోనామసూరి, కుక్కర్ సూట్‌కేస్‌లో పెట్టించింది ఈయనే. హోటల్లో ప్లగ్గు దగ్గర కూర్చుంటే నేను చెప్పాను, 'ఏమండీ, ఇక్కడ కరెంటు వేరంటారు, కింద ఎవరినైనా అడుగుదాం' అని. ఏమన్నాడో తెలుసా? 'నేను ట్రిపుల్ ఈ చేశాను, నాకు చెప్తావా?' అన్నాడు."

ఆ హాల్లో సగంమంది ఇంజనీర్లే. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"ఎయిర్‌పోర్టులో కొన్న అడాప్టర్ తగిలించాడు. అది పిన్ను ఆకారం మారుస్తుంది గానీ కరెంటు తగ్గించదని ఈ ట్రిపుల్ ఈ గారికి తెలియదు. నేను బాత్‌రూమ్‌లో బియ్యం కడుగుతున్నాను. వట్టి కుక్కర్ వేడెక్కుతుందా లేదా అని స్విచ్ వేసి చూశాడు. ఢాం అంది. అంతవరకూ ఈయన చెప్పింది నిజమే."

"సరేలే రాణీ, ఎవరు పెడితే ఏముంది, జోక్‌గా చెప్పాను," అన్నాడు మా ఆయన.

"ఇంకా అయిపోలేదు. అందరం రోడ్డుమీదికి పరిగెత్తాం. వాన. నేను నైటీలో, కాళ్ళకి చెప్పుల్లేకుండా, బియ్యం గిన్నె చేత్తో పట్టుకునే వచ్చేశాను. హోటల్ మేనేజరమ్మ మాడిన కుక్కర్ పట్టుకుని వచ్చి, ఎవరి రూమిది అని అరుస్తోంది. బియ్యం గిన్నె నా చేతిలో ఉంది, ఇక వేరే సాక్ష్యం ఎందుకు? నా మీద పడింది. ముసలివాళ్ళు, పసిపిల్లలు వానలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఈయన ఏమైనా అంటాడేమోనని వెనక్కి తిరిగాను. ఈయన అవతలి పేవ్‌మెంట్ మీద నిలబడి ఫొటో తీసుకుంటున్నాడు. ఇదిగో, ఈ ఫొటోనే!"

అందరూ టీవీకేసి చూశారు. దీపాలు, తడి వీధి. ఎడమపక్క మూల, గుంపు మధ్యలో, నీలం నైటీలో తలొంచుకుని నిలబడిన మనిషి. ఇన్ని పార్టీల్లో ఆ మనిషిని ఎవ్వరూ చూడలేదు.

"అయ్యో, రాణీ, అది నువ్వా!" అంది మీనాక్షి.

"నేనే. నేను ఈయనవైపు చూడటం మేనేజరమ్మ గమనించింది. వీధి దాటి వెళ్ళి, 'సర్, ఆర్ యూ విత్ దిస్ లేడీ?' అని అడిగింది. ఈయన కెమెరా దించి 'నో' అన్నాడు."

ఎవరూ నవ్వలేదు. లక్ష్మీపతి కాఫీ కప్పులోకి చూసుకుంటున్నాడు. పిన్నిగారు "ఓరి నీ దుంప తెగ!" అన్నారు, మెల్లగానే గానీ అందరికీ వినిపించింది.

"ఆ తర్వాత రూమ్‌కి వచ్చి, ఎందుకలా అన్నారండీ అని ఏడిస్తే ఈయన చెప్పిన జవాబు కూడా వినండి. 'ఇద్దరం తిట్లు తినడం ఎందుకని' అన్నాడు. ఆ మర్నాడే వెనక్కి వచ్చేయాల్సింది. ఉద్యోగం మానేసి వచ్చాను, ఎక్కడికి పోతాను? ఈయన వెనకాలే ఊరూరా తిరిగి ఫొటోలు తీశాను."

మా ఆయన మొహం వంకాయలా అయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడే నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "ఓకే, ఓకే. అప్పుడు టెన్షన్‌లో ఏదో అనేశాను. సారీ చెప్పానుగా?"

"ఎప్పుడు?" అన్నాను.

లక్ష్మీపతి పాపం సర్దుబాటు చేద్దామని చూశాడు. "పోనీ చెల్లెమ్మా, పాత సంగతులు. అయితే ఇప్పుడు... జ్యూరిక్‌కి నువ్వు వెళ్తున్నట్టా, లేనట్టా?"

"వస్తుంది లక్ష్మీపతీ," అన్నాడు మా ఆయన. "తన కోపం నాకు తెలీదా? ఇంటికెళ్ళేలోపు దిగిపోతుంది. చెప్పు రాణీ, అందరూ వెయిట్ చేస్తున్నారు. నాతో వస్తున్నావా?"

చూడండి, మళ్ళీ అదే ధీమా! ఆయన కళ్ళల్లో కొంచెం బతిమాలుకోలు కూడా ఉంది. లేదని నేను అబద్ధం చెప్పను. ఆ చూపు నాకు బాగా తెలుసు. వానలో, బియ్యం గిన్నె పట్టుకుని, నేనూ ఒకసారి అలాగే చూశాను.

"నో," అన్నాను.

రిమోట్ ఆయన చేతిలో పెట్టి, నా వంకాయకూర గిన్నె కడుక్కుందామని లేచాను. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, "గిన్నె రేపు మీనాక్షి తెచ్చిస్తుందిలేమ్మా, నువ్వు సోమవారానికి బట్టలు చూసుకో," అన్నారు.

కార్లో ఇంటికి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. మా ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో కొడుతూ కొడుతూ ఒక్కసారిగా నావైపు తిరిగాడు.

"నలుగురిలో నా పరువు తీశావు రాణీ. అందరూ నన్నే దోషిలా చూశారు. రానంటే రానని ఇంటికొచ్చి చెప్పొచ్చుగా! పోనీ, ఇద్దరం కలిసి డిసైడ్ చేసుకుంటాం అని చెప్పినా సరిపోయేది. అంతా నా ఒక్కడి మీదికే ఎందుకు తోశావు?"

"ఇద్దరం తిట్లు తినడం ఎందుకని," అన్నాను.

పచ్చలైటు పడింది. వెనకాల కారువాడు హారన్ కొట్టేదాకా ఆయన కదల్లేదు.