ఆవిరి గది తాళం

మాతో పనిచేసే పెద్దమ్మ సొమ్మసిల్లి పడినప్పుడు ఆవిరి గదికి బయటినుంచి తాళం వేసి ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెట్టే గది అది. పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా కాంట్రాక్టరు పెట్టిన పద్ధతి. సూపర్‌వైజరు టీ తాగి తాళంచెవితో వచ్చేదాకా మేం తలుపు బాదుతూనే ఉన్నాం. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే, అందరూ అక్క అని పిలిచే ఆమె తన తలగుడ్డ తడిపి పెద్దమ్మ మెడ మీద వేసింది. ఆవిరి తగలకుండా తన వీపు అడ్డం పెట్టి కూర్చుంది. అది చూసి, నాకెందుకు తోచలేదా అని కుళ్ళుకున్నాను.

ఇది దాచకుండా చెబుతున్నాను. మీ కార్మిక సంఘాల్లోనూ నాలాంటి మేష్టారు ఒకరుంటారు.

నా పని దుప్పట్ల అంచున సిరాతో వార్డు గుర్తులు వేయడం. కాలేజీ చదువు నాకొక్కడికే ఉంది కనుక అందరూ మేష్టారంటారు. పనిచోట ముగ్గురు కలిసి నిలబడితే చాలు, సూపర్‌వైజరు నాలుగోవాడుగా వచ్చి నిలబడతాడు. అందుకే ఆదివారాలు ఫోన్లలో వీడియో పెట్టుకుని కలిసేవాళ్ళం. దూరదేశంలో నల్లజాతి విముక్తి కోసం పోరాడి, జైల్లో ప్రాణం విడిచిన ఒక నాయకుడి జీవితం చదివేవాళ్ళం. చదివేది నేను, వినేది పదిమంది. మా ఆవిడ పోయాక నా వారమంతా ఆ ఒక్క గంట కోసమే నడిచేది.

పదకొండో మనిషిగా అక్క చేరింది. అంతవరకు "మేష్టారూ, మొదలెడదామా" అనేవాళ్ళు, "అక్క వచ్చిందా" అని అడగసాగారు.

పెద్దమ్మ పడ్డాక వచ్చిన ఆదివారం నాయకుడు కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం చెబుతున్నాను. బాగా తయారై వచ్చాను.

"ఒక్క మాట, మేష్టారూ," అంది అక్క. "ఆయన జైల్లో ఉంటే బయట సమ్మె ఎవరు నడిపారు?"

"అది తర్వాతి పాఠం."

"ఆయన్ని తలుచుకోవడం బాగానే ఉంది. ఆయన చేసిన పని మనమెప్పుడు చేస్తాం? మొన్న పెద్దమ్మ లేవకపోతే?"

"నా మీదో పాఠం చెప్పేవారులే మేష్టారు," అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు.

"రేపు, తాళం వేయడం మానేదాకా లోపలికి పోవద్దు," అంది అక్క.

"పనిలోంచి తీసేస్తే?" అన్నాడు బట్టలు పిండే పొడుగాయన.

"అందరినీ తీసేస్తే దుప్పట్లు కాంట్రాక్టరే ఉతుక్కుంటాడు."

ఇక అందరూ ఒక్కసారే మాట్లాడసాగారు. నన్నెవరూ అడగడం లేదు. ఆ క్లాసు నాది. "క్రమశిక్షణ ఉండాలి," అని అందరి మైకులూ ఆపేశాను.

పదకొండు నోళ్ళు కదులుతున్నాయి, మాట లేదు. నేను పాఠం అందుకున్నాను. రెండు వాక్యాలు చదివానో లేదో, పెద్దమ్మ ఫోనుకు దగ్గరగా వచ్చి పిడికిలితో గాలిలో బాదింది. ఆ రోజు మేం తలుపు బాదినట్టే. ఆమెను చూసి పొడుగాయన, అతణ్ణి చూసి మిగతావాళ్ళు. ఎంత బాదినా చప్పుడు లేదు.

మైకులు తెరిచాను.

"తప్పయింది," అన్నాను. "ఇక నువ్వు నడుపమ్మా."

అక్క ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. "రాయడం మాత్రం మీరే, మేష్టారూ. మీ సిరా ఎన్ని ఉతుకులకైనా పోదు," అంది.

మా ఆవిడ దుప్పటి తీసి రాశాను: తాళం తీయండి, పనిలోకి వస్తాం.

సోమవారం పొద్దున పన్నెండు మందిమీ గేటు ముందు ఆ దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. తర్వాతి షిఫ్టువాళ్ళు కూడా వచ్చి కలిశారు. కాంట్రాక్టరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఫోన్లో నాలుగు ముక్కలు చదివి ఎగురుతున్నారా? ఎవరు మీ నాయకుడు?"

"ఆయన పోయాడండి," అంది అక్క. "మేం మిగిలాం."

పోలీసులు ఆమె చెయ్యి పట్టుకుని తమ వ్యాను ఎక్కించారు. నాకు మళ్ళీ అసూయ పుట్టింది. ఈసారి సిగ్గుపడలేదు. వెళ్ళి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాను.

"నువ్వు కాదయ్యా ముసలాయనా, ఆమె ఒక్కతే," అన్నాడు పోలీసు.

"మెట్టు ఎత్తుగా ఉంది, చూసుకోండి మేష్టారూ," అంటూ లోపలినుంచి అక్క చెయ్యందించింది.

నా వెనకే పెద్దమ్మ ఎక్కింది. నడుం వంచి పొడుగాయన ఎక్కాడు. పోలీసు తలుపు వేయబోయాడు. పడలేదు. మెట్టు మీద ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళ వెనక, గేటు దాకా వరస.

"లోపలికి జరగండి," అంది పెద్దమ్మ. "ఇంకా చాలామంది ఎక్కాలి."