నమలే పని లేని కూడు

ప్రేమ ఆ ఇంటికి వెళ్ళింది రక్తం తీసుకోవడానికి. వాకిట్లో అడుగు పెట్టేసరికి మంజులమ్మ గోడకు చేరగిలబడి, ఒళ్ళో చెంబు పెట్టుకుని ఉమ్ముతూ కూర్చుని ఉంది. సొంత ఉమ్మి కూడా ఆమెకు మింగుడుపడటం లేదు. ఎదురుగా అత్త కదిరమ్మ ఒక కంచం పట్టుకుని, "ఇదొక్కటి మింగు తల్లీ, అంతా సర్దుకుంటాది" అని బతిమాలుతోంది. ప్రేమను చూడగానే ఆ కంచం కొంగు చాటుకు పోయింది.

ప్రేమది హోసూరు. ఇరవై ఆరేళ్ళు. బెంగళూరులో ఒక ఆస్పత్రి వాళ్ళు చేస్తున్న పరిశోధనలో ఉద్యోగం. బాగా లావెక్కి, చక్కెర జబ్బుతో ఏళ్ళ తరబడి ఇన్సులిన్ పొడుచుకుంటున్న వాళ్ళకు కడుపును చిన్నది చేసి, పేగును పైకి తెచ్చి అతికితే ఆ జబ్బు ఏమవుతుందో చూడటం వాళ్ళ పని. ఆపరేషను ఉచితం. రెండువేల ఆరులో కృష్ణగిరి జిల్లా నుంచి పన్నెండు మంది చేరారు. వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి బరువు చూడటం, రక్తం తీయడం, ఏం తినాలో చెప్పడం ప్రేమ వంతు.

ఆ పన్నెండు మందిలో డాక్టర్లకు ముద్దుబిడ్డ మంజులమ్మ. నూట పద్దెనిమిది కిలోల మనిషి. రోజుకు అరవై యూనిట్ల ఇన్సులిన్ పడేది. ఆపరేషనైన ఆరో రోజుకల్లా అది పూర్తిగా ఆపేశారు. బరువు నాలుగు కిలోలు కూడా దిగలేదు, పరగడుపు చక్కెర మాత్రం నూట పదికి దిగి కూర్చుంది. కొవ్వు కరగకముందే జబ్బెట్లా తగ్గింది? పేగు దారి మారితే ఒంట్లో ఇంకేదో మారుతోందని ఆపరేషను చేసిన డాక్టర్ లక్ష్మీప్రియ అంటుంది. ఆ ఇంకేదో ఏమిటో పట్టుకోవడానికే ఈ రక్తం సీసాలన్నీ. మంజులమ్మ మొగుడు చౌడప్ప అంత దూరం ఆలోచించలేదు. పదకొండేళ్ళుగా పెళ్ళాం పొట్టమీద పొద్దునా సాయంత్రం సూది పొడిచిన చేతులాయనవి. మిగిలిన సిరంజీలన్నీ మూటకట్టి పూడ్చిపెట్టి, ఊరంతా మైసూరుపాకు పంచాడు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ మనిషికి చెప్పవలసింది ప్రేమే. ఆమె కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని నవ్వింది.

"ఎన్ని దినాలుగా ఇట్లా ఉండాది?" అని వాకిట్లో నిలబడిన చౌడప్పను అడిగింది ప్రేమ.

"మొన్న సాయంత్రం నుంచమ్మా," అన్నాడు చౌడప్ప. "నీళ్ళు పోసినా అట్లే బయటికొస్తాంది."

"రెండు దినాలా! నాకు ఫోను చేసేకి ఏమైంది మీకు?"

ప్రేమ మంజులమ్మ చేయి పట్టుకుంది. నాడి నూట ఇరవై దాటి కొట్టుకుంటోంది. నాలుక ఎండిపోయింది. రొమ్ము ఎముక కింద వేలు పెడితే మంజులమ్మ మూలిగింది.

ఆ ఊళ్ళో సెల్‌ఫోనుకు సిగ్నలు కావాలంటే మిద్దె ఎక్కాలి. ప్రేమ మెట్లు రెండేసి ఎక్కి డాక్టర్ లక్ష్మీప్రియకు ఫోన్ చేసింది.

"ఏం తింది?" అంది డాక్టరు.

"గంజి, మజ్జిగ అంటున్నారు మేడం."

"గట్టిది ఏమీ తినలేదా? సరిగ్గా కనుక్కో ప్రేమా. ఏదైనా అడ్డం పడి ఉంటే గొట్టం దించి తీసేస్తాను. ఏమీ తినలేదంటే పేగు మెలికపడి ఉండాలి. అప్పుడు గొట్టం వేసి గాలి ఊదడమే ప్రమాదం, మళ్ళీ పొట్ట కోయాలి. నాలుగు వారాల అతుకు, రెండు రోజులుగా నీళ్ళు లేని ఒళ్ళు. కోస్తే బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేను. ఇవాళ నేను హోసూరు నర్సింగ్‌హోంలోనే ఉంటా, తీసుకొచ్చెయ్. దారిలో కృష్ణగిరిలో సెలైన్ పెట్టించు. ఏది చేయాలన్నది నువ్వు చెప్పేదాన్ని బట్టే."

పొద్దున ఎనిమిదిన్నరకు ఆ ఊరి నాగేశప్ప బాడుగ సుమోలో బయల్దేరారు. వెనక సీట్లో అత్త ఒళ్ళో తల పెట్టుకుని మంజులమ్మ, ఆమె కాళ్ళ దగ్గర నాడి వదలకుండా ప్రేమ, ముందు చౌడప్ప. కల్లావి దాటేలోపు ప్రేమ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఒకటే జవాబు. గంజి. మజ్జిగ. చౌడప్ప వెనక్కి తిరగనైనా లేదు. మంజులమ్మను అడిగితే అత్త ముఖం చూసి కళ్ళు మూసుకుంది. ఇంత పచ్చి అబద్ధం ముగ్గురూ కలిసి మోస్తున్నారని ప్రేమకు తెలుస్తూనే ఉంది, ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. కోపం ముంచుకొచ్చింది. చచ్చేది మీ మనిషే కదా అని అరవాలనిపించింది.

కృష్ణగిరిలో సెలైన్ పెట్టించి, సీసాను కారు కిటికీ పైన కొక్కేనికి వేలాడదీశారు. ఊరు దాటాక మంజులమ్మ వాంతి చేసుకోబోయింది, నురుగు తప్ప ఏమీ రాలేదు. శూలగిరి దగ్గర లారీ ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగి ఉంది. ముందు వంద బండ్లు ఆగిపోయి ఉన్నాయి. నాగేశప్ప తమిళంలో ఎవరినో తిట్టి, సుమోను మామిడితోట పక్క మట్టిదారిలోకి దించాడు. సీసా ఊగింది. అప్పుడే ఫోను మోగింది.

"ఆపరేషన్ థియేటర్ వాళ్ళు అడుగుతున్నారు," అంది డాక్టరు. "కోయమనా, వద్దా?"

"ఐదు నిమిషాలు మేడం."

ప్రేమ ఫోను పెట్టేసి కదిరమ్మ చేయి గట్టిగా పట్టుకుంది. "అవ్వా, నువ్వు చెప్పకపోతే నీ కోడలి పొట్ట మళ్ళీ కోస్తారు. కోస్తే ఆమె ఉండేది, లేనిది దేవుడికి వదిలేయాల్సిందే. ఏమి పెట్టినావు?"

"చెప్పొద్దమ్మా!" అన్నాడు చౌడప్ప ముందునుంచి. "చెబితే లిస్టులోనుంచి తీసేస్తారు. తీసేస్తే పేగు మళ్ళీ పాత దారికి మార్చేస్తారంట. మళ్ళీ ఆ సూదులు నా చేత్తో నేను పొడవలేను."

ఎవడు చెప్పాడో ఆ మాట, ఏ టీ అంగడిలో చెప్పాడో. ఇంటింటికీ తిరిగి నాలుగు వారాలు చక్కెర లెక్క రాసుకుంది గాని, ఈ మనిషికి ఏం భయమని ప్రేమ ఒక్కసారీ అడగలేదు.

"ఎవురూ ఏమీ మార్చరు చౌడప్పా. అతికింది అతికినట్టే ఉంటాది. నా మాట నమ్ము."

కదిరమ్మ అప్పుడు నోరు విప్పింది. "నేనేమన్నా విషం పెట్టినానా తల్లీ? నీ కాగితంలో ఉండేదే పెట్టినాను. మావాడు చదివి చెప్పినాడు, మూడో వారం నుంచి నమలే పని లేని మెత్తటి కూడు పెట్టొచ్చని. మా ఇంట్లో నమలే పని లేంది రాగి ముద్ద ఒకటే. ముద్దను ఎవురైనా నములుతారా? చిన్న చిన్నగా చేసి పెట్టినాను, వారం దినాలు బాగానే పోయింది. మొన్న రవ్వంత పెద్దది చేసినాను. అడ్డం పడింది. దాన్ని తోయల్లని ఇంకోటి పెట్టినాను."

గోరుచుట్టు మీద రోకలిపోటు. పొద్దున కొంగు చాటుకు పోయిన కంచంలో ఉన్నది మూడోది.

ఆ కాగితం ప్రేమ రాసిందే. డాక్టరు ఇంగ్లీషులో ఇచ్చిన జాబితాను తెలుగులో పెట్టి, పప్పుకట్టు, పిసికిన ఇడ్లీ, పెరుగు అని వరసగా రాసి, చివర ఇట్లాంటి నమలే పని లేని మెత్తటి ఆహారం ఏదైనా సరే అని ఒక వాక్యం కలిపింది. బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా. చిన్నప్పుడు ఆమె ముద్దను నమిలితే హోసూరులో వాళ్ళవ్వ వేళ్ళ మీద గరిటెతో కొట్టేది. పంటికి తగలకూడదు, తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగాలి. అక్షరాలు రాకముందే నేర్చుకున్న సంగతి. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని కాగితం రాసేటప్పుడు అది గుర్తుకు రాలేదు.

ఫోను నొక్కింది. "మేడం, రాగి ముద్ద. రెండు. నమలకుండా మింగింది."

"ఖాయమా?"

"ఖాయం. నేను రాసిన కాగితం చూసే పెట్టారు."

"సరే. గొట్టం సిద్ధం చేయిస్తా. తొందరగా రండి."

పదకొండున్నరకు మంజులమ్మను లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మీది ఎర్ర బల్బు కింద చౌడప్ప నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. కదిరమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది చేసిన పాపమేదో కనిపెడుతున్నట్టు చూసుకుంటూ ఉండిపోయింది. ప్రేమ ఆమె పక్కన కింద కూర్చుంది. "తప్పు నాది అవ్వా, నీది కాదు," అంది. ముసలమ్మ విన్నదో లేదో తెలియలేదు. మెలిక కూడా ఉంటే? రెండు రోజుల బరువుకు అతుకు విచ్చుకుని ఉంటే? గోడ మీద గడియారం పన్నెండు దాటింది.

పన్నెండుంపావుకు డాక్టర్ లక్ష్మీప్రియ బయటికి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, అందులో నల్లగా తునకలు తునకలుగా ముద్ద. "వచ్చేసింది. అతుకు గట్టిగా ఉంది. చక్కెర నూట రెండు," అంది. చౌడప్ప అప్పుడు కూర్చున్నాడు, నేల మీదే, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని.

డాక్టరు ప్రేమను పక్కకు పిలిచి ఒక ఫారం ఇచ్చింది. "జరిగింది రాసి పరిశోధన ఆఫీసుకు ఇవాళే పంపాలి. కారణం దగ్గర రోగి ఆహార నియమం పాటించలేదని రాయి. అందరూ అట్లాగే రాస్తారు."

ప్రేమ పెన్ను తీసి రాసింది. డాక్టరు చదివింది. ఆహార పత్రంలో తప్పు ఉంది, ఆ పత్రం రాసినది ప్రేమ అని ఉంది అందులో.

"ఇది పైకి పోతే నీ ఉద్యోగం నేను కాపాడలేకపోవచ్చు."

"పాటించలేదని రాస్తే కాగితం అట్లే ఉండిపోతుంది మేడం. ఇంకా పదకొండు ఇళ్ళల్లో ఉంది అది."

ఇద్దరూ ఒకేసారి గడియారం వైపు చూశారు. మధ్యాహ్నం భోజనం వేళ. ఇళ్ళల్లో పొయ్యి మీద ముద్ద ఉడికే వేళ.

ప్రేమ ఒక్కొక్క ఇంటికీ ఫోను చేయడం మొదలుపెట్టింది. మొదటి ఇంటివాళ్ళు ఇడ్లీ పెడుతున్నామన్నారు. రెండో ఇంట్లో ముద్ద ఇంకా మొదలుపెట్టలేదు. మూడో నంబరు ఆంజప్పది. బర్గూరు పక్కన పల్లెలో మేకలు కాసుకుంటూ రాత్రిళ్ళు ఒక ఫ్యాక్టరీకి కాపలా ఉండే మనిషి. మొన్ననే మూడో వారంలో పడ్డాడు.

"ప్రేమమ్మా! బాగుండావా? రెండు వారాలు నీళ్ళు తాగి తాగి చచ్చినాను. మా అక్క లక్ష్మక్క ఇవాళ నాకోసరమని ముద్ద కట్టింది. తినేసి మాట్లాడతాను, వేడిగా ఉండాది."

"వద్దు!" అని ప్రేమ అరిచిన అరుపుకు నర్సింగ్‌హోం అంతా తిరిగి చూసింది. "ఆంజప్పా, చేతిలోది కింద పెట్టు. నోట్లో ఉంటే ఉమ్మేయి. ఇప్పుడే!"

అవతల ఏ చప్పుడూ లేదు. తర్వాత కంచం నేలకు తగిలిన శబ్దం వినిపించింది.

"పెట్టేసినాను తల్లీ," అన్నాడు ఆంజప్ప, భయపడిన గొంతుతో. "నోట్లోకి పోలేదు. మరి ఏమి తినల్ల, నువ్వే చెప్పు."

ప్రేమ చేతిలో తను రాసిన ఆహార పత్రం ఉంది. దాన్ని మడిచి కింద పెట్టింది.

"మీ ఇంట్లో ఏమేమి వండుతారు? ఒక్కొక్కటీ ఎట్లా తింటారు? లక్ష్మక్కను పిలువు, మొదట నేను వింటాను," అంది.