ఏది ముందు వేశావమ్మా?

సెకను తప్పదు, దేనికీ చలించదు అని ల్యాబులో ఆమెను స్టాప్‌వాచ్ అంటారు. అనేవాళ్లకది వేళాకోళం, ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు. తమ్ముడు పోయిన ఈ రెండు నెలల్లో ఏదీ ఆమెను తాకలేదు. ఏడుపు కూడా రాలేదు. ఎప్పుడు ఏడుస్తుందా అని చుట్టాలంతా కళ్లల్లో వత్తులేసుకుని చూశారు గానీ, పాపం, వాళ్ల ముచ్చట తీరలేదు.

తమ్ముణ్ణి కందిరీగ కుట్టింది. గొంతు వాచింది. వేర్లతో మందులు చేసే నాన్న తన కషాయం పట్టాడు, తగ్గుతుందేమోనని ఇరవై నిమిషాలు చూశాడు, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ ఇరవై నిమిషాల గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

ఒకరోజు నాన్న ఆ కషాయం సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ ల్యాబులో చూడమ్మా. ఇది పనిచేస్తుందో లేదో నాకు తెలియాలి."

అలర్జీ తెచ్చే మాస్ట్ కణాలను పెంచి, వాటి మీద మందులు పరీక్షించడమే ఆమె ఉద్యోగం. ఒక్కో కణం నిండా హిస్టమిన్ సంచులుంటాయి. కందిరీగ విషం తగలగానే అవి బయటికి కక్కుతాయి. వాపంతా వాటి చలవే. ల్యాబు పద్ధతిలో ముందు మందు వేసి, అరగంట ఆగి, విషం వేస్తారు. ఆమె అలాగే వేసింది. పదింట ఎనిమిది వంతుల సంచులు కదల్లేదు. వేరులోని పదార్థమేదో కణాలను గట్టిగానే పట్టి ఉంచింది. పెద్ద డాక్టరు "భలే!" అన్నాడు. ఆమెకు సంతోషమూ కలగలేదు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే వరస తిప్పింది. ముందు విషం, ఐదు నిమిషాలకు మందు. అప్పటికే సంచులు ఖాళీ. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అంతే.

ఇంటికి మొదటి పరీక్ష కాగితమే తీసుకెళ్లింది.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివాడు. రెండు నెలల తర్వాత ఆయన ముఖం తేటపడింది.

"చూశావా! పనిచేస్తుంది!"

కానీ మందులు నూరే మనిషి. ఏది ముందు, ఏది వెనక అన్నది నలభై ఏళ్ల అలవాటు.

"ఏది ముందు వేశావమ్మా?"

"మందు."

"విషం ముందు వేసి చూడలేదా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. "చూశాను నాన్నా," అంది.

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. అరలోని సీసాలన్నీ దించి, కొత్త చీటీలు రాయడానికి కూర్చున్నాడు. 'కుట్టాక ఇది వాడకండి. ఆసుపత్రికి పరుగెత్తండి.' ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అంటించింది.

పన్నెండో చీటీలో ఒక మాట ఎక్కువుంది. 'ఇరవై నిమిషాలు ఆగకండి.'

జిగురు రాస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండు నెలల ఏడుపూ అప్పుడొచ్చింది.