సుద్దతో రాసిన గాలి

రాజమాణిక్యం షెడ్డులో మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక ఎవరో ఊపిరి వదులుతారు. రోజూ కాదు, వారానికి రెండు మూడుసార్లు. ఇస్స్‌మని సన్నగా మొదలై, సాగి సాగి, చివర్న ఠక్కున ఆగిపోతుంది. తమిళనాట గుడియాత్తం నుంచి కాట్పాడి పోయే రోడ్డు పక్కన ఉంది ఆ షెడ్డు. బస్సులూ లారీలూ హారన్లు కొట్టుకుంటూ పోతూనే ఉంటాయి. అయినా ఆ శబ్దం మాత్రం ఆయనకి విడిగా వినిపిస్తుంది.

దయ్యమంటే వెంటనే ఒప్పేసుకునే మనిషి కాదాయన. ముప్పై రెండేళ్లు ట్రాక్టర్ల మధ్య బతికినవాడు. శబ్దం వచ్చిందంటే ఎక్కడో లీకుంది, లీకుంటే దాన్ని పట్టాలి, అంతే. సబ్బునీళ్లు కలిపి కుంచెతో కంప్రెసరు వాల్వుకి పూశాడు. హోసుకి పూశాడు. షెడ్డులో ఉన్న ప్రతి టైరుకీ ప్రతి జాయింటుకీ పూసి, బుడగ లేస్తుందేమోనని పిల్లిలా కాచుక్కూర్చున్నాడు. ఎక్కడా లేవలేదు. కంప్రెసరునే మార్చేశాడు. శబ్దం మానలేదు. ఇక మిగిలింది వెనక మూలన ఉన్న ఎర్ర ట్రైలరు. దానికి మాత్రం ఆయన సబ్బునీళ్లు పుయ్యలేదు. దాని తొట్టిని ఎత్తే జాక్‌లో మూడేళ్లుగా చుక్క ఆయిలు లేదు, కారడానికి ఏముంది అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నిజానికి దాని దగ్గరికి పోవాలంటే ఆయనకి భయం.

మూడేళ్ల కిందట గుణశేఖర్ ఆ ట్రైలరు కిందే చచ్చిపోయాడు.

గుణశేఖర్‌ది కే.వి.కుప్పం పక్కన పల్లె. సొంత ట్రాక్టరు, సొంత ట్రైలరు, నాలుగెకరాల చెరుకు. తొట్టి పైకి లేవడం లేదని, సగం ఎరువు లోపలుండగానే బండి తెచ్చి షెడ్డులో వదిలి ఊళ్లోకి పోయాడు. రాజమాణిక్యం ఇద్దరు ఆడకూలీలని పెట్టి ఎరువు దింపించి, జాక్ పరీక్ష చేశాడు. ఆయిలు పైపులో గాలి పట్టింది. గాలి పట్టిన జాక్‌ని నమ్మకూడదు. తొట్టిని లేపినట్టే లేపి, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఇస్స్‌మని దించేస్తుంది. ఆ గాలి తీసేదాకా తొట్టి ఎత్తనే కూడదు. అప్పటికే ఒంటిగంట. ఆకలి. తొట్టి ముందు పలక మీద సుద్దముక్కతో, అరచెయ్యంత అక్షరాలతో ఒకే మాట రాశాడు. గాలి. అప్పుడే గుణశేఖర్ ఫోన్ చేసి బండి సంగతి అడిగితే, "అంతా బండి మీదనే రాసినానప్పా, వచ్చి చూసుకో" అని చెప్పి, అన్నానికి ఇంటికి పోయాడు.

తిరిగొచ్చేసరికి ట్రాక్టరు ఇంజను నడుస్తూ ఉంది. తొట్టి దిగి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్లూ, కాళ్ల దగ్గర గ్రీజు గన్నూ కనిపించాయి.

ఆ రాత నిజానికి తమిళ అక్షరాల్లో ఉంది. ఇదేం వింత కాదు ఇక్కడ. రాజమాణిక్యం పుట్టింది తెలుగింట్లో, తిట్టేది తెలుగులో, మొక్కేది తెలుగులో. చదువు మాత్రం తమిళ బడిలో. తెలుగు అక్షరం ఎటు తిప్పి పట్టుకున్నా ఆయనకి ఒకటే. అందుకని తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకోవడం వాళ్ల నాయన నేర్పాడు. షెడ్డు గోడ నిండా అవే రాతలు. బ్యాటరీ తీసేటప్పుడు ముందు భూమి వైరు తియ్యి. బురదలో దమ్ము చేసొచ్చిన చక్రానికి కడగకుండా గ్రీజు కొట్టొద్దు. డీజిలు ఫిల్టరు మార్చినాక గాలి తియ్యి. ఖాళీ తొట్టి అయినా సరే, కింద దుంగ నిలబెట్టందే దూరొద్దు. వేలూరు నుంచి వచ్చిన కంపెనీవాళ్లు అవి చదవలేక తల గోక్కుంటూ ఉంటే, ఆయన మీసం తిప్పుకునేవాడు. 'ఎయిర్' అనో, తమిళంలో 'కాత్తు' అనో రాయొచ్చు కదా అంటే చిర్రెత్తేది. "మన మాట ఉండంగా ఊరోళ్ల మాట నాకేల?" అనేవాడు. ఆ పొగరు ఎంత పని చేసిందో ఆయనకి అప్పటికి తెలియదు.

గుణశేఖర్ పోయినప్పుడు ఊళ్లోవాళ్లంతా షెడ్డు ముందు చేరి నిలదీస్తే, రాజమాణిక్యం గుండె మీద చెయ్యేసుకుని ఒకటే మాట చెప్పాడు. "అంత పెద్దగా రాసి పెట్టినా. ఫోన్లో చెప్పినా. చదివి కూడా దూరినాడంటే నేనేం చేసేది?" ఆ మాట ఆయన్ని కాపాడింది. కానీ కే.వి.కుప్పం చేరేసరికి అది ఇంకో మాటగా మారింది. తెలిసి తెలిసీ దూరాడంట. కావాలనే దూరాడంట.

గుణశేఖర్ భార్య పంకజానికి చదువు రాదు. ఆ వేళ పొద్దున మొగుడూ పెళ్లాలు చిన్నదానికే మాటామాటా అనుకున్నారు. "నువ్వు ఇంటికి రాకుంటేనే నాకి నిమ్మళం" అనేసింది ఆమె. కోపంలో ఏ ఇల్లాలైనా అనేదే. సాయంత్రానికి అతను నిజంగానే రాలేదు. అప్పట్నుంచీ ఆమె రెండు మూడు నెలలకోసారి బస్సెక్కి షెడ్డుకి వస్తుంది. ట్రైలరు ముందు నిలబడుతుంది. తనకి తెలియని ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి గీతల వెంబడి పోతుంది. వచ్చిన ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

"అన్నా, ఇది ఆయన చదివే దూరినాడా?"

"చదివే ఉంటాడమ్మా. చదువుకున్నోడే కదా."

ఆమె తలూపి పోతుంది. ప్రతిసారీ ముందుసారి కంటే కొంచెం చిక్కి ఉంటుంది. రాజమాణిక్యం మాత్రం తను అబద్ధం చెప్పలేదు కదా అని సర్దుకుంటాడు.

ఆ అక్షరాలు చెరిగిపోయినా బాగుండేది. షెడ్డు రేకు చిల్లులోంచి వాన కారి పలక తడిసినప్పుడల్లా మాయమవుతాయి. ఎండగానే మళ్లీ తెల్లగా లేచి కూర్చుంటాయి. ట్రాక్టరుని పంకజం మరిది అమ్ముకున్నాడు. మనిషిని మింగిన ట్రైలరుని మాత్రం ఎవరూ తీసుకోలేదు, అది అక్కడే ఉండిపోయింది. చివరికి ఈ ఆగస్టులో, తమిళుల ఆవణి మాసంలో, పంకజం పాతినుము కింద ఇచ్చెయ్యమంది. తను వచ్చి ఒకసారి చూసినాకే ముక్కలు చెయ్యాలని మాత్రం చెప్పింది.

పాతినుము కొనే జెబకుమార్ వేలూరు నుంచి గ్యాసు కటింగు సామానుతో పన్నెండింటికే దిగాడు. పక్కా తమిళుడు. తెలుగు ముక్క రాదు. ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు తన్ని చూసి, ముందు పలక దగ్గర ఆగి గట్టిగా చదివాడు.

"కాలి."

రాజమాణిక్యం చేతిలో స్పానరు ఆగిపోయింది.

"కాలిన్ను పోట్టిరుక్కే, మేస్త్రీ" అని నవ్వాడు జెబకుమార్. ఖాళీ అని రాశారే, ఖాళీగా నిలబడ్డ బండికి ఖాళీ అని మళ్లీ రాయడమెందుకు అని అతని సందేహం.

"అది కాలి కాదప్పా, గాలి. ఎంగ బాషైల కాత్తు."

జెబకుమార్ మళ్లీ పలక వైపు చూశాడు. మళ్లీ చదివాడు. కాలి. తమిళంలో క కీ గ కీ ఒకటే అక్షరం. మాట మొదట్లో ఉంటే 'క' అనే పలుకుతారు. రాసినవాడు గాలి అనుకుని రాశాడు సరే, చదివేవాడికి అది ఎట్లా తెలుస్తుంది? మీరు పక్కన లేకపోతే దీన్ని ఎవడైనా ఖాళీ అనే చదువుతాడు, అని తమిళంలో తేలిగ్గా అనేసి, టీ తాగొస్తానని రోడ్డు దాటాడు.

రాజమాణిక్యం గోడ వైపు తిరిగాడు. డీజిలు ఫిల్టరు మార్చినాక గాలి తియ్యి. ఖాళీ తొట్టి అయినా సరే. ఒకదాని కింద ఒకటి రెండు పంక్తులు. ఖాళీని తమిళులు కాలి అనే రాస్తారు, ఆయనకీ బడిలో అదే అలవాటైంది. గాలి ఉన్న చోటా ఖాళీ ఉన్న చోటా అవే రెండక్షరాలు, అచ్చం ఒకేలా. ఇన్నేళ్లు ఆ గోడ చూస్తూ పని చేశాడు. రాసిందీ తనే, చదివిందీ తనే, కాబట్టి ఎప్పుడూ పొరపాటు పడలేదు.

టైరు మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం మళ్లీ కళ్లముందు నడిచింది, ఈసారి గుణశేఖర్ వైపు నుంచి. సగం ఎరువుతో వదిలిపెట్టిన బండి. మేస్త్రి ఫోన్లో చెప్పాడు, అంతా రాశానని. వచ్చి చూస్తే ఖాళీ అని రాసుంది. లోపల చూస్తే ఎరువు లేదు. అయితే పని అయిపోయిందన్నమాట. మీట లాగితే తొట్టి చక్కగా లేచింది. ఎత్తిన తొట్టి కింద కీలుకి ఇంత గ్రీజు పెట్టుకుని ఇంటికి పోదామనుకున్నాడు. నిండు తొట్టికైతే ఎవడైనా దుంగ పెడతాడు. ఖాళీ తొట్టే కదా అని ఊళ్లో అందరూ దూరినట్టే దూరాడు.

చావాలని కాదు. ఇంటికి పోవాలని.

ఇది పంకజానికి చెప్పాలి. చెబితే, మూడేళ్లుగా ఆమె మొయ్యని రోజు లేని బరువు దిగిపోతుంది. చెబితే, దాని కిందికి తను దూరాలి. తన చేతిరాతే మనిషిని చంపిందని తన నోటితోనే చెప్పాలి. టైము పన్నెండుంపావు. ఆమె బస్సు పన్నెండున్నరకి. జెబకుమార్ టీ కొట్టులో ఉన్నాడు. తెలిసింది ఆయన ఒక్కడికే. సాయంత్రానికి ట్రైలరు ముక్కలైపోతుంది. ఆ తర్వాత అడిగేవాళ్లెవరు?

ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. లేచాడు. పాత బనియను గుడ్డ పెట్రోలులో ముంచి, మూడేళ్లుగా దగ్గరికి పోని ట్రైలరు దగ్గరికి పోయి, పలక మీద బలంగా రుద్దాడు. తెల్లగీతలు మాయమయ్యాయి. ఎర్రరంగు తడితడిగా మెరిసింది. గుడ్డ డబ్బాలో పారేసి చేతులు కడుక్కుంటూ ఉంటే, వెనక చెప్పుల చప్పుడైంది.

"వచ్చినానన్నా."

పంకజం చేతిలో ఒక సంచి. సంచిలో పూలమాల. ట్రైలరుకి వేసి సాగనంపడానికి తెచ్చినట్టుంది. నేరుగా పలక ముందుకి పోయి వేలు చాచింది. వేలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది.

"యాడ పోయినాయన్నా అచ్చరాలు?"

ఆమె ముక్కుకి పెట్రోలు వాసన తగిలింది. డబ్బా వైపు చూసింది, ఆయన చేతుల వైపు చూసింది. అట్లాగే నిలబడింది. రేకుల షెడ్డులో మధ్యాహ్నపు వేడికి పెట్రోలు ఆరడానికి ఎంతసేపు? ముందు ఒక గీత పైకి లేచింది. తర్వాత దాని పక్కన వంపు. ఇద్దరూ చూస్తూ ఉండగానే రెండక్షరాలూ మెల్లగా, పాలిపోయిన తెలుపులో తిరిగొచ్చాయి.

"ఇదే కడసారి అడిగేది" అంది పంకజం. "ఇది ఆయన చదివే దూరినాడా?"

"చదివినాడమ్మా." ఆమె వేలు పెట్టే చోట ఆయన తన వేలు పెట్టాడు. "కానీ గాలి అని చదవలేదు. ఖాళీ అని చదివినాడు."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన సుద్దముక్క తీసి నేల మీద అక్షరం రాసి, ఇదే క, ఇదే గ, తమిళంలో రెంటికీ ఇదొక్కటే అని చూపించాడు. ఆ రోజు ఎరువు దింపించిన సంగతీ, ఫోన్లో తను అన్న మాటా, తమిళుడు చదివిన తీరూ, ఏదీ దాచకుండా చెప్పాడు. ఇప్పుడే గుడ్డతో తుడిచిందీ చెప్పాడు.

పంకజం నేల మీదే కూర్చుంది. ఆ ఒక్క అక్షరం గీతల వెంబడి వేలు పోనిచ్చింది.

"అంటే, చావను పోలేదు."

"లేదమ్మా."

"గ్రీజు పెట్టి ఇంటికి రావాలనే దూరినాడు."

"అవునమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్లలో ఆ షెడ్డులో ఆమె ఏడవడం అదే మొదలు. తర్వాత ముఖం తుడుచుకుని లేచింది. పూలమాల పలకకి వెయ్యకుండా సంచిలోనే ఉంచుకుంది.

"ఇన్ని దినాలు ఆయన నా కాడ ఉండినాడన్నా. అన్నం తినేటప్పుడు ఎదురుగా, పండుకుంటే పక్కన. నువ్వు పొమ్మంటేనే పోయినానే అని అంటా ఉండినాడు." రాజమాణిక్యం కళ్లలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, జాలీ లేదు. "ఇంక ఉండడు. ఇంక నీ కాడ ఉంటాడు. బండి కోసుకోమను. ఆ పలక మాత్రం ఈన్నే పెట్టుకో."

బస్సు కోసం వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

జెబకుమార్ సాయంత్రానికి బండిని ముక్కలు చేసి లారీకెత్తాడు. పలక ఒక్కటి గోడకి ఆనించి ఉంది. మర్నాడు రాజమాణిక్యం నిచ్చెన వేసి, గోడ మీద ఖాళీ అన్న చోటల్లా, గాలి అన్న చోటల్లా సున్నం కొట్టాడు. ఆ తర్వాత నుంచి ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే మనిషిని పిలిచి, ఎదురుగా నిలబెట్టి, నోటితోనే చెబుతున్నాడు. రెండుసార్లు చెబుతున్నాడు.

ట్రైలరు లేని ఆ మూల నుంచి ఇప్పటికీ ఒంటిగంటన్నరకి ఇస్స్‌మని మొదలవుతుంది. ఆయన సబ్బునీళ్లు కలపడం మానేశాడు. శబ్దం వినగానే చేతిలో స్పానరు కింద పెట్టి, రోడ్డున పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా ఆ మూలకి అరుస్తాడు.

"గాలప్పా, గుణశేఖరా! గాలి! దూరొద్దు!"

సాగి సాగి, చివర్న అది ఠక్కున ఆగిపోతుంది.