తెగనంటే తెగనన్న బుట్ట

వేరే దేశంలో, ఏడాది పొడుగునా వాన కురిసే అడవిలో, ఆదివాసీల ఇంట్లో వాళ్ళతోపాటే ఉంటూ బుట్టలల్లడం నేర్చుకోవచ్చు! ఇంటర్న్‌షిప్ ప్రకటనలో ఈ ఒక్క ముక్క చదవగానే ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి గంతులేసింది. వాళ్ళ నాన్న మాత్రం లేవలేదు.

"వెళ్తే వెళ్ళు. కానీ గురువు మెచ్చి ముద్ర వేసిన బుట్ట తేవాలి. తేలేదనుకో, నోరు మూసుకుని మామయ్య టైర్ల ఆఫీసులో చేరాలి" అన్నాడు.

మామయ్య ఆఫీసు ఆమె చూసిందే. నల్లటి టైర్లు, వాటి పక్కన నల్లబడిన గోడలు, పొద్దస్తమానం మామయ్య వేసే టైరు జోకులు. వాటికి నవ్వకపోతే మళ్ళీ మొదట్నించీ చెప్తాడు. ఆ భయంతోనే అమ్మాయి ఆ అడవివాళ్ళ భాష కూడా నేర్చేసుకుని, విమానం ఎక్కి, బస్సెక్కి, పడవెక్కి, ఏటి ఒడ్డున గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇంట్లో వచ్చి వాలింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. గురువేమో అవ్వ. పేము బద్దల్ని చూడకుండా అల్లుతుంది, అల్లేవాళ్ళని చూస్తూ తిడుతుంది. అవ్వ కొడుకు పడవ నడుపుతాడు, ఆయన్ని బాబాయ్ అని పిలిచింది. ఆయన భార్యని పిన్నీ అంది. అత్తగారికి మాటకి మాట అప్పజెప్పకపోతే పిన్నికి ఆ పూట అన్నం సయించదు.

మొదటి బుట్ట అల్లడానికి అమ్మాయి కూర్చుంది. బద్దలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరుతున్నాయి తప్ప, అవి ఊడిపోకుండా ఏది పట్టుకుంటోందో ఆమెకి అర్థం కాలేదు. అందుకని ఎవరూ చూడకుండా ప్రతి వరసకీ ఓ ముడి వేసేసింది. ఆ ముడి ఊడిపోతుందేమోనని దాని మీద ఇంకో ముడి. చివరికి తయారైంది చూడాలీ! ఓ పక్కకి వాలిపోయి, పొట్ట ముందుకు తోసుకుని, మూతి బిగించుకుని, అలిగిన గుమ్మడికాయలా ఉంది.

అవ్వ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఒసేయ్, ఇది అల్లావా, దీని గొంతు పిసికావా?"

ఆ రోజు నుంచి అమ్మాయి పేరు పీటముడి అయిపోయింది.

అప్పుడు చెప్పింది అవ్వ, ఆ ఇంటి నియమం. నేర్చుకునేవాళ్ళ మొదటి బుట్టని ఇంటిల్లిపాదీ వాడాలి, అది ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా సరే. వాడగా వాడగా ఓ రోజు తెగుతుంది. ఎక్కడ తెగిందో అదే రెండో పాఠం. ఆ పాఠం నేర్చుకుని అల్లిన రెండో బుట్టకే ముద్ర. మధ్యలో ఎవరైనా కావాలని తెంపారో, నేర్చుకోవడం అక్కడితో సరి, మూటాముల్లే సర్దుకోవడమే.

"మా అమ్మ పెట్టిన నియమం. దీనికి తిరుగు లేదు" అంది అవ్వ.

"ఓస్, అంతేనా" అనుకుంది పీటముడి. రెండ్రోజుల్లో తెగదూ!

తెగలేదు. దుంపలు మోశారు, కట్టెలు మోశారు, తడిబట్టలు కుక్కారు. కోడి అందులో గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని లేపుకుని పోయింది. వాన తగలాలని బయట పెడితే తడిసిన ముడులు ఇంకా బిగుసుకున్నాయి. చెదపురుగులు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, పక్కనున్న మంచి బుట్టని తినేసి వెళ్ళాయి.

అందరికంటే ఎక్కువ బాధ బాబాయ్‌ది. ఆ బుట్ట పొట్ట సరిగ్గా ఆయన పక్కటెముకలో పొడుచుకునేది. ఓ రోజు పెద్ద పెద్ద బండరాళ్ళు అందులో వేసి మోస్తుంటే అవ్వ పట్టేసుకుంది.

"రాళ్ళెందుకురా?"

"వ్యాయామం అమ్మా. నడుము సన్నబడాలని."

"పుట్టి బుద్ధెరిగాక నీకు నడుమనేది ఉందా? దింపు!"

ఇక పక్కింట్లో ఒకడున్నాడు, ఇదే పని నేర్చుకోవడానికి వచ్చినవాడు. వాడి అల్లిక ముట్టుకుంటే విడిపోయేది, అందుకే దూది అని పేరు పడింది. వాడి మొదటి బుట్ట అల్లిన సాయంత్రమే పోయింది. అక్కడా ఇదే పద్ధతి గనక, ముద్ర ఒక్కటీ పడకపోయినా, వాడు నక్కతోక తొక్కినట్టు పాఠాల మీద పాఠాలు దాటేస్తున్నాడు.

"ఏంటే పీటముడీ, ఇంకా మొదటి దాని మీదే ఉన్నావా? నాది నాలుగోది కూడా పోయింది!" అని రోజూ మెట్ల కింద నిలబడి కేకేసేవాడు, ఏదో పతకం వచ్చినట్టు.

"పోరా, నీ బుట్టలో గాలి కూడా నిలవదు" అని పైనుంచి అరిచేది గానీ, అరిచాక ఒంటరిగా కూర్చుని మామయ్య టైరు జోకులకి నవ్వడం ప్రాక్టీసు చేసేది. ఏరు పొంగకముందే తిరుగు పడవ ఎక్కాలి. ఆకాశం చూస్తే రోజురోజుకీ నల్లబడుతోంది, అచ్చం టైరులాగే.

అలాంటి ఓ మధ్యాహ్నం అవ్వ పీట కాలు విరిగింది. బాగుచేయడానికి బాబాయ్ పట్టుకెళ్ళాడు. కింద కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని అవ్వ బుట్ట మూతి మీద ఓ చెక్క అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చుని బద్దలు చీల్చడం మొదలెట్టింది. ఓ బద్ద అందుకోవడానికి వంగింది. చెక్క జారింది. ధబ్!

పిన్ని పరిగెత్తుకొచ్చేసరికి అవ్వ సీసాకి బిరడాలా బుట్టలో దిగబడిపోయి ఉంది. కాళ్ళు పైకి, చేతులు పైకి, మోకాళ్ళ మధ్య నుంచి ముక్కూ, కళ్ళూ.

"చూస్తావేమే? లాగు!"

పిన్ని లాగింది. బాబాయ్ వచ్చి లాగాడు. పీటముడి బుట్టని పట్టుకుని వెనక్కి లాగింది. అవ్వా బుట్టా కలిసే వచ్చాయి.

"దెబ్బేమైనా తగిలిందా అవ్వా?" అంది పీటముడి ఏడుపు గొంతుతో.

"పరువుకి తగిలింది!"

పిన్ని వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చింది. తెచ్చి, ఆగింది. ఆమె మొహంలో ఓ వెలుగు వచ్చింది. "అయ్యో, ఎలా అత్తయ్యా? కావాలని తెంపకూడదు కదా! మీరే అన్నారు, తిరుగు లేదని."

ఇంతకాలం ఆ బుట్ట తెగాలని పీటముడి కోరుకోని రోజు లేదు. ఇప్పుడు కోస్తే అవ్వ బయటికొస్తుంది, తను మాత్రం టైర్లలోకి వెళ్తుంది. అయినా పళ్ళు బిగించి "కోసెయ్ పిన్నీ. అవ్వకంటే నాకు బుట్ట ఎక్కువా?" అంది.

"ఎవరైనా కత్తి పెట్టారో, ఊరుకోను!" అని బుట్టలోంచి అరిచింది అవ్వ. "మా అమ్మ మాట నేను తప్పుతానా? ఇందులోనే ఉంటా. ఇదే నా ఇల్లు. అన్నం ఇక్కడికే తీసుకురండి."

"ముడులు విప్పుతానవ్వా" అని పీటముడి బుట్ట పక్కన బోర్లా పడింది. గోళ్ళతో గీరింది, పంటితో పీకింది. ఒక్కటి రాలేదు.

"వేసింది నువ్వే కదే?"

"నాకే రావట్లేదవ్వా!"

పిన్ని అన్నం కలిపి ముద్దలు పెట్టింది. అత్తగారు ఎదురు చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఓ ముద్ద. పెళ్ళయ్యాక పిన్ని అంత ప్రశాంతంగా ఓ పూట గడపడం ఇదే మొదలు.

సరిగ్గా అప్పుడు దూది మెట్లెక్కి వచ్చాడు. చేతిలో మూతకట్టిన కొత్త బుట్ట, లోపల వాడి గురువు పక్కింటి తాత పంపిన కోడి. అవ్వని చూసి గుడ్లు తేలేశాడు.

"అవ్వకి కాళ్ళు పైనుంచి మొలిచాయేంటి?"

"నోర్ముయ్. ఎందుకొచ్చావ్?"

వాడు ఛాతీ విరుచుకుని బుట్ట తలపైకి ఎత్తాడు. "నా అయిదోది చూడవ్వా! దీన్ని తెంపేవాడు ఇంకా పుట్ట..."

మాట పూర్తి కాలేదు. అడుగు మొత్తం ఊడిపోయి కోడి దబ్బున వాడి నెత్తిన పడింది. అక్కడ్నించి ఎగిరి బాబాయ్ నెత్తి మీద వాలి, కాళ్ళు సర్దుకుని స్థిరపడింది. దూది మాత్రం అడుగు లేని బుట్టని ఇంకా పైకి ఎత్తిపట్టుకునే ఉన్నాడు.

అవ్వకి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, ఆ తర్వాత పొట్టలోంచి. పొట్టకి చోటు లేదు. బుట్ట కిర్రుమంది.

"అవ్వా, ఆపకు!" అని అరిచింది పీటముడి. "బాబాయ్, కోడిని దింపకు!"

"నా నెత్తి కొరుకుతోందే!"

దాంతో అవ్వ ఇంకా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు, మోకాళ్ళు గజగజ. బుట్ట మూలిగింది, సాగింది... ఠప్! అవ్వ చాపమీదకి దొర్లుకుంటూ వచ్చి పడింది.

"తెగింది" అన్నాడు బాబాయ్.

"తెగిందా?" అంది పీటముడి.

"వాడుతుంటేనే తెగిందే! ఎవరూ తెంపలేదు!" అంది పిన్ని. పీటముడి పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఆ ఊపుకి ఇల్లంతా గుంజల మీద ఊగింది.

అవ్వ నడుం పట్టుకుని లేచి, తెగిన చోట వేలు పెట్టి చూసింది. ముడులన్నీ చెక్కుచెదరలేదు. మూతి దగ్గర అంచు బద్ద రెండుగా చీలింది. పీటముడి రెండో పాఠం కోసం ఎదురుచూసింది. బద్దల గురించి, ఓర్పు గురించి, అడవి గురించి ఏదో పెద్ద మాట వస్తుందనుకుంది.

"మూతి ఇరుకు" అంది అవ్వ. "వాడే మనిషి కొలత తీసుకోకుండా అల్లావు. తాడు తే."

పీటముడి తాడు తెచ్చి అవ్వ తుంటి చుట్టూ తిప్పింది. పిన్ని మునివేళ్ళ మీద లేచి తొంగి చూసింది. "ఎంతొచ్చిందే? ఇంకా చుడుతున్నావేంటే?"

అవ్వ చటుక్కున తాడు లాక్కుని పొయ్యిలో పడేసింది. "కొలత నేర్చుకునేదాని చేతికి గుర్తుంటే చాలు. నా కోడలికి అక్కర్లేదు. కూర్చోవే, అడుగు మొదలెట్టు. ముడి కనబడిందో, వేళ్ళు విరిచేస్తా."

అప్పుడే నాన్న ఫోను. "ఏమ్మా, మామయ్య అడుగుతున్నాడు. నీ కోసం ఆ కుర్చీ..."

"ఎవరికైనా ఇచ్చేయమను నాన్నా!" ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పీటముడి పేము బద్దలు అందుకుంది. "నాకిక్కడ పెద్ద పనుంది. చాలా పెద్దది. ఎంత పెద్దదో చెప్పకూడదు, పిన్ని వింటోంది."