రమణి చెబితే విన్నాడు

"ముందే చెప్పొద్దా అనూ నాకు?" అన్నాడు మోహన్‌కృష్ణ, టీ కప్పు కింద పెట్టేసి.

అనురాధ స్టవ్ దగ్గర పోపు వేస్తోంది. ఆవాలు చిటపటలాడాయి గానీ, ఆమె లోపల చిటపటలాడినంత కాదు. హాల్లో కుర్చీ అంచున రమణి కూచుని ఉంది. కొండ మీది ఆశ్రమ పాఠశాలలో అనురాధతోపాటు పనిచేసే టీచరు. కారు బ్రేకు కాలికింద మెత్తగా దిగిపోతోందని ఆ పిల్ల ఒక్కసారి చెప్పింది. ఒక్కటంటే ఒక్కసారి. దానికే ఈయన లేచి నిలబడ్డాడు. "అయ్యో, ఘాట్ రోడ్డు మీద తిరిగే బండి కదమ్మా, ఆటలా!" అని కంగారుపడిపోయాడు.

ఇదే మాట అనురాధ చలికాలం నుంచీ చెబుతోంది. అన్నం వడ్డిస్తూ చెబితే, "నువ్వు బ్రేకు మీద కాలేసే నడుపుతావు, ఇంకేమవుతుంది" అన్నాడు. బట్టలు ఆరేస్తూ చెబితే, "రవిబాబు చూశాడు కదా, అంతా బాగుందన్నాడు" అన్నాడు. కారులో కంటాసుపత్రికి తీసుకెళ్తుంటే వెనక సీట్లో కాళ్లు చాపుకున్న అత్తగారు తవిటమ్మ, "ఆడగుంట సేతిలో పడితే బండికేటి, రోలుకైనా రోగమొత్తాది" అని తీర్మానించింది. కారు అనురాధ పేరు మీదే ఉంది. పొద్దున్నే లేచి వంటచేసి, ఆయన్ని పాడేరు బస్సు దగ్గర దింపి, బడికి పోయి, వస్తూ గ్యాసుబండ, కూరలు, అత్తగారి మందులు మోసుకొచ్చేది ఆమే. నడపడం ఆమె వంతు, దాని మంచిచెడ్డలు చెప్పడం మాత్రం ఆయన వంతు.

రవిబాబు మోహన్‌కృష్ణ చిన్ననాటి స్నేహితుడు. కింద మైదానంలో, వాళ్ల సొంతూళ్ళో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. ఆయనకి అతని మీద గురి. ఎప్పుడు కారు తీసుకెళ్లినా అనురాధే చెప్పబోతుంది, "దిగేటప్పుడు మెత్తబడుతోందండీ" అని. రవిబాబు ఆమె భుజం మీదుగా మొగుణ్ణి చూసి, "ఏట్రా, ఏటంటంది మేడమ్?" అంటాడు, ఆమెది ఏదో తెలియని భాష అయినట్టు. తర్వాత సంతబయల్లో, అరచేయంత చదునుగా ఉన్న రోడ్డు మీద, ఓ చుట్టు తిప్పుతాడు. కారు ఠక్కున ఆగుతుంది. "బంగారంలా ఉంది" అని తేల్చేస్తాడు. చదును నేల మీద ఏ బ్రేకైనా బంగారమే.

ఇవాళ బడి వదిలాక రమణిని ఎక్కించుకుని కొండ దిగుతోంది. ఇటుకల పండగ రోజులు. మగాళ్లు అడవికి వేటకి పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుగడ పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చిన ప్రతి బండినీ ఆపి పండగ మామూలు అడుగుతారు. మలుపు తిరగగానే గడ, దాని వెనక వరసగా ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. అనురాధ బ్రేకు తొక్కింది. పెడలు అడుగుదాకా దిగిపోయింది, బండి ఆగలేదు. గేరు లాగింది, హ్యాండ్‌బ్రేకు పీకింది. ముందు బంపరు గడకి తగిలి ఆగింది. మేడమ్ తమాషా చేస్తోందనుకుని వాళ్లు పకపకా నవ్వారు, ఇంకా గట్టిగా పాడారు. చాలాసేపు అక్కడే ఆగి, ఒకటో గేరులో నత్తలా దిగి ఇల్లు చేరారు. ఆ తర్వాతే రమణి లోపలికొచ్చి ఆయనతో చెప్పింది.

మంచికే చెప్పింది. అది తెలుసు. అయినా రమణిని చూస్తుంటే అనురాధకి కడుపులో కారం పోసినట్టుంది. అసూయ, పేరు పెట్టి చెప్పాలంటే అదే. ఆయన ఆ పిల్లని వంకర చూపు చూసి ఉంటే బాగుండేది, నిలదీసి నాలుగు దులిపి ఊరుకునేది. అలా చూడలేదు. విన్నాడు, అంతే. తల కాస్త ముందుకు వంచి, మధ్యలో అడ్డం రాకుండా, మాట పూర్తయ్యేదాకా విన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ వంగిన తలని అనురాధ తన కోసం చూడలేదు. పరాయి ఆడదానికి అంత సుళువుగా దొరికేదాన్ని తనకి ఏ లోటు వల్ల ఇవ్వలేదో తెలియక కుళ్లిపోయింది.

రమణి వెళ్లాక ఆయన ఫోన్లో మాట్లాడి వచ్చి, "రవిబాబుకి చెప్పాను. ఆదివారం కిందికి తీసుకెళ్దాం" అన్నాడు.

అనురాధ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆగని బ్రేకుతో, మలుపుల ఘాట్ రోడ్డంతా దిగి, బ్రేకు బాగుచేయించుకోవడానికి! "దిగడమెలాగండీ?" అంది. "మెల్లిగా నడుపు, నేను పక్కనే ఉంటాను కదా" అన్నాడాయన, పేపరు తిప్పుతూ.

మర్నాడు బడికి సెలవు. ఆయన ఆఫీసుకి వెళ్లగానే అనురాధ రమణికి ఫోన్ చేసింది. "నీ స్కూటీ బాగుచేసే ధర్మ దగ్గరికి నాతో వస్తావా?" అని. మనసొప్పకుండానే అడిగింది. ఆ ధర్మ మీద కూడా ఆమెకి కుళ్లే. హుకుంపేట సంత వీధిలో పోతున్నప్పుడల్లా చూసేది. "ఏటి సౌండొత్తంది, ఎప్పుడొత్తంది?" అని అతను రమణిని అడగడం, ఈ పిల్ల నడుం మీద చెయ్యేసుకుని తాపీగా చెప్పడం.

షెడ్డు దగ్గరే కాబట్టి మెల్లిగా తీసుకెళ్లింది. "ఏటైంది మేడమ్?" అన్నాడు ధర్మ. అలవాటు చొప్పున అనురాధ పక్కకి చూసింది, ఎవరో జవాబిస్తారన్నట్టు. రమణి నోరు మెదపలేదు.

"ఎప్పుడు మెత్తబడతంది? తొక్కగానేనా, కొంత దిగినాకా?"

అనురాధ చెప్పింది. మొదలుపెట్టాక ఆపలేకపోయింది. అతను ముందు ఎక్కడో లీకన్నాడు, కిందికి దూరి చూశాడు, కాదన్నాడు. "నాకూ తెలడం నేదు. ఈ ఊరి వాలు దిగి సూద్దారి. మీరే తోలండి, నాను పక్కన కూకుంతాను."

చిన్న గేరులో, మధ్యమధ్య తొక్కుతూ దిగారు. సగం దారిలో పెడలు లోపలికి జారింది. "ఇదిగో!" అంది అనురాధ. ధర్మ వంగి పెడలుని చేత్తో నొక్కి చూశాడు.

"అవును మేడమ్. దిగిపోతంది."

అవును. ఆ ఒక్క ముక్కకి ఆమెకి కళ్లనీళ్లొచ్చాయి. వెంటనే ఒళ్లు మండింది. ఈ రమణికి ఇది రోజూ దొరుకుతుందన్న మాట!

బ్రేకు ఆయిలు పాతబడి, దిగుడులో ఉడికిపోతోందని తేలింది. చక్రాలు విప్పాడు. అరిగిన ప్యాడ్లు కూడా మార్చాలన్నాడు, తీసి చూపించాడు. ఆడవాళ్లిద్దరూ బయట బల్ల మీద కూచున్నారు.

"మా ఆయన నీ మాటైతే విన్నాడు" అంది అనురాధ. నవ్వుతూ అందామనుకుంది, కుదరలేదు. "నేనెన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. నిన్ను చూస్తే కుళ్లొచ్చింది రమణీ. నిజం."

రమణి ఆమె మొహంలోకి చూసి, కిసుక్కున నవ్వింది. "మా ఇంటాయన ఫల్గుణ నాకు జీపు తాళమియ్యడు మేడమ్. గుద్దేత్తావంటాడు. 'అనురాధ మేడమ్‌ని సూడు, కొండమీద ఎంత బాగా తోలుతాదో, ఆవిడ సెప్తే బండి గురించి నేర్సుకోవాల' అని రోజూ నా తల తింటాడు. మిమ్మల్ని సూసి నాను ఎన్ని రాత్రుళ్లు ఏడిసినానో మీకేటి తెలుసు?"

అనురాధ బల్ల మీద ఆమెవైపు తిరిగి కూచుంది.

"ఈ ధర్మ మాత్రం?" అంది రమణి గొంతు తగ్గించి. "మన మాటైతే ఇంటాడు. వాళ్లింటిది, రత్న, ఇంటి కప్పు కారతందని సెప్పీ సెప్పీ నోరు పడిపోయింది. ఎవుడికైనా ఇంట్లో ఆడదాని మాట గాలే మేడమ్."

ఇద్దరూ నవ్వారు, ధర్మ తల తిప్పి చూసేంత గట్టిగా. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఇన్నాళ్లూ తను రమణి దగ్గర ఉందనుకున్నది రమణి దగ్గర లేదు. తన దగ్గర ఉందని ఆ పిల్ల ఏడుస్తోంది. ఇద్దరి సొత్తూ వాళ్ల వాళ్ల మొగుళ్ల జేబుల్లోనే ఉందని అనురాధకి అప్పుడు తెలిసింది.

ఫోన్ మోగింది. మోహన్‌కృష్ణ.

"కారు చక్రాలు విప్పించావంట? ఫల్గుణ చూశాడట. రవిబాబుకి చెప్పానన్నానా లేదా? ఎవర్నడిగి విప్పించావు?"

ఒక్క మాట అంటే చాలు. 'రమణి విప్పించమంది' అంటే చాలు, ఆయన గొంతు దిగిపోతుంది, అలాగా అంటాడు, మంచిపని చేశారంటాడు. ఆ మాట అనురాధ నాలుక చివరిదాకా వచ్చింది. రమణి కూడా, అనెయ్యండి అన్నట్టు తలూపింది.

"బ్రేకు తొక్కేదాన్నడిగి" అంది అనురాధ.